బ్రౌజరు: నాడు చదువు కిటికీ, నేడు పనిముట్టు

గ్రామ పంచాయతీ కార్యాలయమున ఒకప్పుడు పని యనగా దస్తరము విప్పుట, రిజిస్టరు తెరచుట, కలము చేతబట్టుట. నేడు అనేక పంచాయతీలలో కంప్యూటరు తెరమీది ఒక చిన్న గుర్తును నొక్కుటతో పని ప్రారంభమగుచున్నది. ఆ గుర్తు బ్రౌజరునది. ప్రణాళిక నమోదు, జమాఖర్చుల వ్రాత, బిల్లుల చెల్లింపు, గ్రామ పటము, పై అధికారులతో సమావేశము ఆ ఒక్క ద్వారము గుండనే సాగుచున్నవి. అట్టి ద్వారమును గూర్చి సభ్యులు "అది కార్యదర్శిగారి పని, ఆపరేటరు పని" అని ఊరకుండుట తగదు. పంచాయతీ ధనము ఏ ద్వారమున వెడలుచున్నదో, ఆ ద్వారపు గడియ ఎట్టిదో ఎరిగియుండుట సభ్యుల విధి.

పూర్వము కంప్యూటరులో ప్రత్యేకముగా స్థాపించిన సాఫ్ట్‌వేరు మాత్రమే చేయగలిగిన పనులను బ్రౌజరు ఎట్లు నేర్చుకొన్నది, దానివలన పంచాయతీలకు కలుగు లాభమేమి, పొంచియున్న అపాయమేమి అను విషయములను ఈ పాఠమున వివరించుచున్నాము.

రెండు విధముల సాఫ్ట్‌వేరు

కంప్యూటరుచే పని చేయించు ఆదేశముల సముదాయమే సాఫ్ట్‌వేరు. ఇది రెండు విధములుగా మనకు అందును. మొదటిది, డిస్కు మూలముననో ఇంటర్నెట్టు మూలముననో తెచ్చి కంప్యూటరులో స్థాపించుకొనునది. దీనిని డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరు అందురు. ఇది సొంత ఇంట ఉంచుకొన్న నాగలివంటిది. ఎప్పుడు కావలసిన అప్పుడు వాడుకొనవచ్చును. కాని కొనుట, బాగుచేయించుట, పాతబడినప్పుడు మార్చుట యజమాని భారమే. పది కార్యాలయములలో పని జరుగవలెనన్న పదిచోట్ల స్థాపింపవలెను. లెక్కలన్నియు ఆ ఒక్క కంప్యూటరులోనే యుండినచో, అది చెడిననాడు లెక్కలును పోవును.

రెండవది, దూరముననున్న సర్వరు అను పెద్ద కంప్యూటరునుండి, మనము పని ప్రారంభించిన క్షణమున బ్రౌజరులోనికి వచ్చి పనిచేయునది. దీనిని వెబ్ సాఫ్ట్‌వేరు అనవచ్చును. దీనిని ఒక్కచోట సవరించిన, ఊరూర సవరించినట్లే. ఒక కంప్యూటరు చెడినచో మరియొక కంప్యూటరు ముందు కూర్చుండి, పేరు, రహస్యపదము ఇచ్చి, నిలిచినచోటునుండి పని సాగింపవచ్చును. అయితే చాలకాలమువరకు ఈ రెండవ విధము మొదటిదానికి సాటి రాలేదు. ఏలనన బ్రౌజరు పుట్టినది పని చేయుటకు కాదు, చదువుటకు.

ఒకే వారమున రెండు ఘట్టములు

ఫ్రాన్సు, స్విట్జర్లాండు సరిహద్దునగల సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు, వివిధ కంప్యూటరులలోనున్న పత్రములను ఒకదానితో నొకటి ముడివేయు పద్ధతిని 1989లో ప్రతిపాదించెను. 1990లో మొదటి బ్రౌజరును నిర్మించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్ సంస్థ ఈ వెబ్ విధానమును రుసుము లేక ఎవరైనను వాడుకొనవచ్చునని ప్రకటించెను. అంతకు ఆరు దినములు ముందుగా, 1993 ఏప్రిల్ 24వ తేదీన, పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 73వ రాజ్యాంగ సవరణ మన దేశమున అమలులోనికి వచ్చినది. ఒకదానితో నొకటి సంబంధము లేని ఈ రెండు ఘట్టములు, ఇరువది యేడు సంవత్సరముల పిదప పంచాయతీ కార్యాలయపు బల్లమీద కలిసికొన్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినమున, బ్రౌజరులో పనిచేయు ఈ-గ్రామస్వరాజ్ విధానము ప్రారంభింపబడినది.

నిశ్చల పత్రము కదలుట నేర్చిన విధము

తొలినాటి బ్రౌజరు గోడమీది ప్రకటనవంటిది. చదువవచ్చును, ఒక పుటనుండి మరియొక పుటకు పోవచ్చును. చిన్న మార్పు కావలెనన్నను పుట మొత్తము మరల దూరమునుండి రావలసియుండెను. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అను నిపుణుడు జావాస్క్రిప్ట్ అను భాషను సృష్టించెను. దానితో పుటకు కొంత తెలివి అబ్బినది. పూరించిన పత్రములో ఒక గడి ఖాళీగా నున్నదని సర్వరు చెప్పనక్కరలేకయే బ్రౌజరు చెప్పగలిగెను.

పిమ్మట, పుట మొత్తమును మార్చక, కావలసిన చిన్న భాగమును మాత్రమే తెరచాటున తెప్పించుకొను ఉపాయము 1999లో మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5వ రూపమున వచ్చినది. దాని విలువ లోకమునకు తెలిసినది 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చినప్పుడే. పటమును వ్రేలితో జరిపినట్లు జరుపగా క్రొత్త భాగములు తమంత తామే వచ్చి చేరుచుండుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. చిన్న కంప్యూటరులలో పట్టికల లెక్కలు వేయు సాఫ్ట్‌వేరు 1979నుండియు కలదు. అట్టి పట్టికలు 2006లో గూగుల్ ద్వారా బ్రౌజరులోనికి వచ్చినవి.

అయినను వేగము చాలకుండెను. జావాస్క్రిప్టు ఆదేశములను బ్రౌజరు దుబాసీవలె ఒక్కొక్క మాటగా యంత్రమునకు తర్జుమా చేసి చెప్పుచుండెను. 2008లో వచ్చిన క్రోము బ్రౌజరు ఆ ఆదేశములను యంత్రభాషలోనికి మార్చి నడుపు పద్ధతిని చేపట్టినది. ఇతర బ్రౌజరుల వారును పోటీపడి అట్టి పద్ధతులనే అవలంబించిరి. వేగము అనేక రెట్లు పెరిగెను.

నేడు బ్రౌజరుకు గల శక్తులు

మొదటిది, దృశ్యము, శ్రవణము. ఒకప్పుడు బ్రౌజరులో చలనచిత్రము చూడవలెనన్న ఫ్లాష్ అను అనుబంధ సాఫ్ట్‌వేరు అవసరమయ్యెడిది. 2014లో ప్రమాణముగా ఆమోదింపబడిన హెచ్.టి.ఎం.ఎల్. 5 ద్వారా బ్రౌజరే స్వయముగా ఆ పని చేయగలిగినది. ఫ్లాష్‌కు దాని యజమానులైన అడోబి వారు 2020 డిసెంబరు 31తో స్వస్తి చెప్పిరి. ముఖాముఖిగా మాటలాడుకొను వెబ్ ఆర్.టి.సి. అను విధానము 2021లో ప్రమాణమైనది. మండల కార్యాలయమునకు పోకుండ దృశ్య సమావేశమున పాల్గొనుటకు నేడు బ్రౌజరు చాలును.

రెండవది, పటములు. భూగోళమును నలుదిక్కుల త్రిప్పి చూపు గూగుల్ ఎర్త్ 2005లో డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరుగా వచ్చినది. 2017లో క్రోము బ్రౌజరులోనికి, 2020లో ఇతర బ్రౌజరులలోనికి ప్రవేశించినది. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ వారి గ్రామ్ మానచిత్ర, ఇస్రో వారి భువన్ పటములు బ్రౌజరులో తెరచి చూడదగినవి. చెరువు ఎచ్చట, కాలువ ఎచ్చట, క్రొత్త రోడ్డు ఏ వాడను తాకును అను సంగతులను గ్రామసభలో తెరమీద అందరికిని చూపవచ్చును.

మూడవది, బరువైన పనులు. వెబ్ అసెంబ్లీ అను పద్ధతి 2017నాటికి నాలుగు ప్రధాన బ్రౌజరులలోను అమలై, 2019 డిసెంబరులో ప్రమాణముగా స్థిరపడినది. ముందుగనే యంత్రభాషకు సన్నిహితముగా సిద్ధపరచిన ఆదేశములను బ్రౌజరు తటాలున గ్రహించి నడుపుట దీని సారము. దీనివలన దశాబ్దములనాటి పెద్ద సాఫ్ట్‌వేరులను మొదటినుండి తిరిగి వ్రాయకయే బ్రౌజరులోనికి తేవచ్చును. 1982నుండి ఇంజనీర్లు వాడుచున్న ఆటోకాడ్ ఈ మార్గముననే 2018లో బ్రౌజరులోనికి వచ్చినది. 1990లో పుట్టిన ఫోటోషాప్ 2021లో ప్రయోగాత్మకముగాను, 2023లో పూర్తిగాను వచ్చినది.

నాలుగవది, ఇంటర్నెట్టు లేనప్పుడును పనిచేయుట. వానకాలమున బాట తెగునేమోయని గృహస్థు ముందుగ గాదెలో ధాన్యము నింపుకొనును. అట్లే బ్రౌజరు కావలసిన పుటలను, వివరములను కంప్యూటరులో దాచియుంచి, తీగ తెగినప్పుడు చూపి, మరల కలిసినప్పుడు నమోదులను సర్వరుకు పంపగలదు. అయితే ఆ సాఫ్ట్‌వేరును నిర్మించినవారు ఈ ఏర్పాటును చేసియుండవలెను. గాదె కట్టని ఇంట ధాన్యము నిలువయుండదు గదా!

ఐదవది, తెలుగు లిపి. ఇది మనకు అత్యంత ముఖ్యము. పూర్వము తెలుగు టైపు చేయుటకు ప్రత్యేక సాఫ్ట్‌వేరు, ప్రత్యేక ఫాంటు స్థాపింపవలసియుండెను. ఒక కంప్యూటరులో చేసిన తీర్మానము, ఆ ఫాంటు లేని వేరొక కంప్యూటరులో అర్థము లేని ఆంగ్లాక్షరములుగా కనబడుచుండెను. ప్రపంచ లిపులన్నిటికి సంఖ్యలు కేటాయించు యూనికోడ్ విధానమున తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. బ్రౌజరులు దానిని గ్రహించి, అవసరమైన ఫాంటును పుటతోపాటు తెచ్చుకొనుట నేర్చిన పిదప ఆ చిక్కు చాలవరకు తొలగినది. ఆంగ్లాక్షరములతో టైపు చేయగా తెలుగుగా మార్చు లేఖిని వంటి ఉపకరణములు బ్రౌజరులోనే పనిచేయుచున్నవి. కావున తీర్మానములను, నోటీసులను యూనికోడ్ తెలుగులో వ్రాయించుట శ్రేయస్కరము. పది సంవత్సరముల పిదపను అవి చదువుటకు, వెదకుటకు వీలుగా నుండును.

బందెల దొడ్డి న్యాయము

ఇన్ని శక్తులు గలిగిన బ్రౌజరు, ఏ ఊరిదో తెలియని పుటనుండి వచ్చు ఆదేశములనుగూడ నడుపుచుండును. వానికి కంప్యూటరంతయు విడిచిన ఏమగును? పైరులో పశువులను తోలినట్లగును. అందుచేత బ్రౌజరు నిర్మాతలు ఒక కట్టుబాటు చేసిరి. బందెల దొడ్డిలోని పశువు దొడ్డిలో తిరుగవచ్చునుగాని చేనిలో పడరాదు. అట్లే వెబ్ పుటనుండి వచ్చిన ఆదేశములు తమ గిరిలోనే పనిచేయవలెను. కంప్యూటరులోని ఇతర పత్రములను తమంత తాము ముట్టరాదు. కెమెరా, మైకు, ఉన్నచోటు తెలిసికొనుట, ప్రకటనలు పంపుట మొదలగువానికి యజమాని అనుమతిని అడుగవలెను. తెరమీద "అనుమతింతురా?" అని వచ్చు ప్రశ్న ఈ దొడ్డి తలుపే. చదువకయే "సరే" యని నొక్కువాడు తన చేతులార తలుపు తీసినవాడగును.

ఈ కట్టుబాటు లేని కాలమున జరిగినది గమనింపదగును. జావా మొదలైన అనుబంధ సాఫ్ట్‌వేరులు బ్రౌజరుతో కలిసి పనిచేయుచు, కంచె దాటి లోనికి పోగలిగియుండెను. వానిలోని లోపముల గుండ దుండగులు చొరబడుటచే, అట్టి అనుబంధములకు ఆధారమైన పాత పద్ధతిని క్రోము 2015లోను, ఫైర్‌ఫాక్సు 2017లోను తొలగించినవి. వానిపై ఆధారపడిన వెబ్‌సైటులు తమ పద్ధతిని మార్చుకొనవలసివచ్చెను.

సంతకపు టోకెను: పంచాయతీకి ప్రాణప్రదమైన విషయము

ఇంతవరకు చెప్పినదంతయు ఒకచోటికి వచ్చి కలియును. అది డిజిటల్ సంతకము. ఈ-గ్రామస్వరాజ్ మూలమున జరుగు చెల్లింపులకు ఇద్దరు అధికృతుల డిజిటల్ సంతకములు కావలెను. ఒకరు చెల్లింపును సిద్ధపరచవలెను, వేరొకరు ఆమోదింపవలెను. ఒకరి తప్పును మరొకరు పట్టుకొందురని ఈ ఏర్పాటు.

సంతకమునకు మూలమైన రహస్య తాళపుచెవి ఒక చిన్న యు.ఎస్.బి. టోకెనులో నుండును. బ్రౌజరు తనంత తాను దీనిని ముట్టజాలదు. యు.ఎస్.బి. పరికరములతో వెబ్ పుటలు మాటలాడుటకు క్రోము 2017లో ఒక ద్వారమును తెరచినను, స్మార్ట్ కార్డు జాతి పరికరములను అందులోనుండి మినహాయించిరి. సంతకములు, ధనము తెలియని పుటల పాలుగారాదనియే ఈ నిషేధము. అందుచే టోకెనుకు సంబంధించిన డ్రైవరును, సంతకము వేయు చిన్న సాఫ్ట్‌వేరును కంప్యూటరులోనే స్థాపింపవలసియున్నది. బ్రౌజరు అన్నియు నేర్చినదనుకొన్న ఈ కాలముననుగూడ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరు అవసరము తీరని చోటు ఇది. చెల్లింపు ఆగినప్పుడు "సర్వరు పనిచేయుటలేదు" అను ఒక్క సమాధానముతో తృప్తిపడక, డ్రైవరు సరిగా నున్నదా, సంతకపు పత్రము గడువు తీరినదా, బ్రౌజరు పాతబడినదా యని వరుసగా విచారింపవలెను.

అయితే ఎంతటి కంచెయైనను యజమానియే తాళపుచెవిని పరుల చేతికిచ్చిన నిష్ప్రయోజనము. "మాకు కంప్యూటరు రాదు" అని టోకెనును, దాని పిన్ సంఖ్యను ఇతరులకు అప్పగించుట కొన్నిచోట్ల వాడుకయై యున్నది. ఇద్దరి టోకెనులును ఒకే సొరుగులో, రెండు పిన్ సంఖ్యలును ఒకే కాగితముమీద నుండినచో, ఇద్దరు సంతకము చేయవలెనను నియమము పేరునకు మాత్రమే మిగులును. ఖాళీ చెక్కుల పుస్తకము మీద సంతకములు చేసి సంతలో విడిచివచ్చుటకును దీనికిని భేదము లేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు చట్టబద్ధత నిచ్చినది. ఆ చట్టముననే 42వ సెక్షను, తన రహస్య తాళపుచెవిని తన అదుపులో నుంచుకొనుటకు తగిన జాగ్రత్త వహింపవలసిన బాధ్యతను సంతకదారునిపై మోపినది. అది పరుల పాలైనచో ఆలస్యము లేక ధ్రువీకరణ సంస్థకు తెలుపవలెననియు విధించినది. "నేను చూడలేదు, ఎవరో నొక్కిరి" అనుమాట ఈ బాధ్యతనుండి ఎవరిని తప్పింపజాలదు.

మారుపక్షమును చూడుడు. ఈ విధానముననే సామాన్య సభ్యునికి మున్నెన్నడు లేని సౌకర్యము కలిగినది. ఒకప్పుడు లెక్కలు చూడవలెనన్న బీరువా తాళము తీయుమని అడుగవలసియుండెను. నేడు తన ఫోనులోని బ్రౌజరులో ఈ-గ్రామస్వరాజ్ పుటను తెరచి, తన పంచాయతీ ప్రణాళికను, చెల్లింపుల వివరములను రహస్యపదము లేకయే చూడవచ్చును. వేయని బోరునకు బిల్లు చెల్లినదో లేదో తెలిసికొనుటకు సభ్యుడు ఎవరి దయకొరకును వేచియుండనక్కరలేదు.

తీరవలసిన కొరతలు

బ్రౌజరు సర్వశక్తిమంతమని భ్రమపడరాదు. ఇంటర్నెట్టు తీగ తెగినప్పుడు గాదె ఏర్పాటు లేని వెబ్ సాఫ్ట్‌వేరు నిలిచిపోవును. అన్ని బ్రౌజరులకు అన్ని శక్తులును లేవు, క్రోములోనున్న యు.ఎస్.బి. ద్వారమును ఆపిల్ వారి సఫారీ తెరువలేదు. పాత కంప్యూటరుల చిక్కు వేరొకటి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు మైక్రోసాఫ్టు వారు 2022 జూన్ 15న స్వస్తి చెప్పిరి. విండోస్ 7, 8.1 గల కంప్యూటరులకు 2023నుండి క్రోము నూతన రూపములు వచ్చుటలేదు. విండోస్ 10నకు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. కంప్యూటరు కొనునప్పుడు, బాగుచేయించునప్పుడు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

సభ్యులు పాటింపదగిన నియమములు

1. కార్యాలయపు బ్రౌజరును ఎప్పటికప్పుడు నూతన రూపమునకు మార్పింపుడు. ఇందులకు సొమ్ము చెల్లింపనక్కరలేదు.

2. ప్రభుత్వ పుట తెరచినప్పుడు పైనున్న చిరునామాను అక్షరమక్షరము చదువుడు. వెబ్‌సైటు పేరు "జి.ఓ.వి. డాట్ ఐ.ఎన్." అను అక్షరములతో ముగియవలెను. తాళపు గుర్తు కనబడినంత మాత్రమున ఆ పుట నమ్మదగినదని తలంపరాదు. మార్గమధ్యమున ఎవరును చదువలేరనియే ఆ గుర్తునకు అర్థము. అవతల నున్నవాడు దొర యని కాదు.

3. రహస్యపదమును బ్రౌజరులో దాచుమని అది అడిగినప్పుడు, పదిమంది వాడు కంప్యూటరులో అంగీకరింపకుడు. పని ముగిసినంతనే లాగవుట్ చేయుడు.

4. కెమెరా, మైకు, చోటు, ప్రకటనలకై అనుమతి కోరినప్పుడు, చేయుచున్న పనికి అది అవసరమా యని ఒక క్షణము యోచింపుడు.

5. సంతకపు టోకెను సంతకదారుని యొద్దనే యుండవలెను. పిన్ సంఖ్య ఎవరికిని చెప్పరాదు. నొక్కుటకు ముందు ఎవరికి, ఏ పనికి, ఎంత సొమ్ము అను మూడు సంగతులను తెరమీద చదువవలెను. చదువ రానివారు తమకు నమ్మకమైన మరియొక సభ్యునిచే చదివించుకొనవలెను.

6. నెలకొకసారి పంచాయతీ సమావేశమున చెల్లింపుల పుటను తెరచి, తీర్మానముల పుస్తకముతో సరిచూడుడు.

చర్చకు ప్రశ్నలు

మన పంచాయతీలో సంతకపు టోకెనులు ఇప్పుడెవరి యొద్ద నున్నవి? కార్యాలయపు కంప్యూటరులో ఏ బ్రౌజరు కలదు, అది నూతన రూపమేనా? ఇంటర్నెట్టు నిలిచిన దినమున ఏ పనులు ఆగుచున్నవి, వానికి ప్రత్యామ్నాయమేమి? గత నెల చెల్లింపులను సభ్యులలో ఎందరు తమ ఫోనులో చూచిరి? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చు సమావేశమున సమాధానములు వ్రాసికొనిన, ఈ పాఠము వలని ప్రయోజనము నెరవేరినట్లే.

పనిముట్టు ఎంత గొప్పదైనను అది పని చేయువాని చేతిలోనిది. చదువుటకు పుట్టిన కిటికీ నేడు లెక్కలు వ్రాయుచున్నది, పటములు గీయుచున్నది, మన మాటను దూరమునకు చేర్చుచున్నది. కాని ఏ పని ముందు చేయవలెను, ఏ వాడకు ముందు నీరు రావలెను, ఏ బిల్లు న్యాయమైనది అని నిర్ణయించు బుద్ధి దానికి లేదు. ఆ నిర్ణయము కొరకే ప్రజలు సభ్యులను ఎన్నుకొనిరి. కావున సభ్యులు ఆ కిటికీ ముందు తామే కూర్చుండి చూతురుగాక.